పోత ఉక్కు బలం: ప్రత్యక్షమా, అనుమానమా, శబ్దమా

పోత ఉక్కుతో చేసిన భాగం ఎంత బరువు ఓర్చుకుంటుందో కచ్చితంగా తెలియాలంటే అది విరిగేదాకా బరువు పెట్టాలి. అలా విరిచిన భాగం ఇక పనికి రాదు. పనికి వెళ్ళే భాగాన్ని ఎవరూ విరవరు. గూడ్సు వ్యాగన్ల కింద ఉండే కాస్నబ్ బోగీల సైడ్ ఫ్రేములు, బోల్‌స్టర్లు, రిఫైనరీల్లో ఆవిరిని ఆపే వాల్వుల బాడీలు అన్నీ విరగకుండానే బలమైనవన్న అంగీకారం పొంది పనిలోకి వచ్చినవే. పరీక్ష జరిగింది ఒకదానికి, నమ్మకం పొందింది మరొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఏ జ్ఞానం దాటిస్తుందన్నది ప్రమాణశాస్త్రానికి చెందిన ప్రశ్న. న్యాయ, మీమాంస, బౌద్ధ, చార్వాక దర్శనాలు శతాబ్దాల పాటు ఇదే ప్రశ్న మీద పొగ, నిప్పు, కుండలో అన్నం వంటి ఉదాహరణలతో వాదించుకున్నాయి. ఆ వాదాలు తెలిసినవారికి ఫౌండ్రీ నిబంధనలు కొత్తగా అనిపించవు. వాటిలో చాలా భాగం పాత ఆక్షేపణలకు జవాబులే.

కొలిమిలో ఒక్కసారి కరిగించిన ఉక్కు మొత్తాన్ని ఒక హీట్ అంటారు. ప్రతి హీట్‌కూ ఒక నంబరు ఉంటుంది. దాదాపు 1600 డిగ్రీల వేడిలో ఉన్న ఉక్కును మౌల్డుల్లోకి పోసేటప్పుడు, అదే లాడిల్ నుంచి కొంత ఉక్కును కీల్ బ్లాక్ అనే దిమ్మెగా విడిగా పోస్తారు. దిమ్మె అడుగున కాళ్ళలా ఉన్న భాగాలను కోసి, లేత్ మీద తిప్పి, సన్నటి కడ్డీ తయారు చేస్తారు. అమెరికా ప్రమాణాల్లో సాధారణంగా దాని వ్యాసం 12.5 మిల్లీమీటర్లు, కొలత తీసే నిడివి 50 మిల్లీమీటర్లు. దాన్ని యంత్రం దవడల మధ్య బిగించి లాగుతారు. మొదట కడ్డీ కొద్దిగా సాగుతుంది, వదిలేస్తే తిరిగి మామూలు కొలతకు వస్తుంది. ఈల్డ్ అనే హద్దు దాటాక సాగిన సాగుడు వెనక్కి రాదు. చివరికి ఒకచోట నడుము సన్నబడి తెగుతుంది. వాల్వులకు విరివిగా వాడే డబ్ల్యూసీబీ రకం పోత ఉక్కుకు కనీసం 250 మెగాపాస్కల్‌ల ఈల్డ్ బలం, 485 మెగాపాస్కల్‌ల టెన్సైల్ బలం (తెగేలోపు ఓర్చుకునే గరిష్ఠ లాగుడు) ఉండాలి. తెగేలోపు కనీసం 22 శాతం సాగాలి, తెగిన చోట అడ్డుకోత వైశాల్యం కనీసం 35 శాతం తగ్గాలి. ఈ అంకెలు వస్తే ఆ హీట్‌తో పోసిన భాగాలన్నీ అంగీకారానికి అర్హమవుతాయి.

ఇక్కడ మొదట తేల్చవలసింది అసలు బలం అంటే ఏమిటన్నది. తెగని ఉక్కులో 485 మెగాపాస్కల్‌లు ఎక్కడున్నాయి? ఆ వాల్వు తన జీవితకాలంలో అంత ఒత్తిడిని ఎన్నడూ చూడకపోవచ్చు. ఎన్నడూ బయటపడని గుణం వస్తువులో ఉన్నదనడానికి అర్థమేమిటి? మీమాంసకులు దీనికి సూటిగా జవాబు చెప్పారు. నిప్పు పక్కన ఒక రకమైన మణిని ఉంచితే నిప్పు కాల్చదని, చూపుకు మాత్రం అదే నిప్పుగా ఉంటుందని ఆనాటి వాదాల్లో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ. నిప్పు రూపం మారకుండా దాని పని మాత్రం ఆగిపోయింది కనుక, కంటికి కనిపించని శక్తి అనే పదార్థం ఒకటి నిప్పులో ఉండాలని, మణి దాన్నే అడ్డుకుందని వారి వాదం. వారిలో ఒక శాఖ అయిన ప్రాభాకరులు ఈ శక్తిని ప్రత్యేక పదార్థంగానే లెక్కించారు. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు ఒప్పుకోలేదు. కాల్చడానికి నిప్పు ఒక్కటే కారణం కాదు, అడ్డంకి లేకపోవడం కూడా కారణాల జాబితాలో ఒకటి. ఆ జాబితా పూర్తిగా రాస్తే శక్తి అనే అదనపు పదార్థం అక్కర్లేదన్నారు.

మణి సంగతి ఎలా ఉన్నా, ఉక్కులో అలాంటి వింత నిజంగానే జరుగుతుంది. సాధారణ ఉక్కు మామూలు వేడిమిలో దెబ్బ తగిలితే వంగుతుంది, చిరుగుతుంది. బాగా చల్లబడ్డాక అదే ఉక్కు అదే దెబ్బకు గాజులా పగులుతుంది. దాని రసాయనిక మిశ్రమంలో గాని, పైకి కనిపించే రూపంలో గాని మార్పేమీ ఉండదు. దీన్ని పట్టుకునేందుకే ఛార్పీ పరీక్ష ఉంది. 1901లో ఫ్రెంచ్ ఇంజినీరు జార్జ్ ఛార్పీ దానికి రూపం ఇచ్చాడు. ఇప్పటి ప్రమాణం ప్రకారం 10 మిల్లీమీటర్ల చదరపు కోత, 55 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ముక్కకు మధ్యలో 2 మిల్లీమీటర్ల లోతున వి ఆకారంలో గాడి కోసి, నిర్ణీత వేడిమికి చల్లబరిచి, ఊగే సుత్తితో ఒక్క దెబ్బ కొడతారు. ముక్క విరగడానికి సుత్తి నుంచి ఎంత శక్తి ఖర్చయిందో కొలుస్తారు. ఛార్పీ ఫలితాన్ని వేడిమి చెప్పకుండా రాస్తే దానికి విలువ లేదు. టెన్సైల్ ఫలితానికి కూడా కడ్డీ కొలతలు, లాగిన వేగం తోడుండాలి. ఈ విషయంలో పరీక్షశాలలు నైయాయికుల పక్షాన నిలిచాయి. ఉక్కు లోపల దాగి ఉన్న ఒకే ఒక బలాన్ని అవి వెతకవు. ఏ ఏ కారణాలు కూడితే ఏం జరుగుతుందో రాసుకుంటాయి. మీమాంసకుల మాటలోనూ వదులుకోలేని నిజం ఒకటుంది. పరీక్ష పూర్తయ్యాక ఇంజినీరు మాట్లాడేది విరిగిన కడ్డీ గురించి కాదు, విరగని భాగంలో ఇప్పుడు ఉన్నదేదో ఒకదాని గురించి. జాబితా రాయడం వరకు నైయాయికంగా సాగే ఆలోచన, భాగం మీద బరువు మోపే నిమిషంలో శక్తిని ఒప్పుకోక తప్పదు.

ఇక కడ్డీ నుంచి భాగానికి సాగే అనుమానం, అంటే తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చడం. దీనికి మన సంప్రదాయంలో స్థాలీపులాక న్యాయమని పేరు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండలోని మెతుకులన్నీ నొక్కనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. వంటింట్లో ఇది సందేహానికి తావులేని మాట. కాని 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి తన ప్రమాణవార్తికంలో సరిగ్గా ఈ ఉదాహరణనే తీసుకుని, నమ్మదగని అనుమానానికి నమూనాగా చూపించాడు. ఒకే కుండలో ఉన్నాయి కాబట్టి అన్నీ ఉడికే ఉంటాయన్నది రుజువు కాదు, ఉడకని మెతుకు ఉండే అవకాశం మిగిలే ఉందన్నాడు. ఇంతవరకు కనపడలేదన్న ఒక్క కారణంతో లేదని తేల్చడం అతనికి సమ్మతం కాదు. ఒక విషయం మరొకదానికి స్వభావంతోనో, కార్యకారణ సంబంధంతోనో ముడిపడి ఉంటేనే అనుమానం నిలుస్తుందని అతని సిద్ధాంతం.

పోత ఉక్కు విషయంలో ధర్మకీర్తి అభ్యంతరం అక్షరాలా నిజం. ద్రవం ఘనంగా మారేటప్పుడు ఉక్కు కుంచించుకుపోతుంది. చివరగా గడ్డకట్టే చోటికి ద్రవం అందకపోతే అక్కడ బోలు ఏర్పడుతుంది. మందమైన చోట ఉక్కు నెమ్మదిగా చల్లారి రేణువులు పెద్దవవుతాయి, పలుచని చోట సన్నగా ఉంటాయి. మూలల్లో వేడి చీలికలు రావచ్చు, ఇసుక, స్లాగ్ చిక్కుకోవచ్చు, కరిగిన వాయువులు బుడగలుగా మిగలవచ్చు. కీల్ బ్లాక్‌కు మాత్రం ఈ ఇబ్బందులు దాదాపు లేవు. దాని పైభాగంలోని లావైన ముద్ద కింది కాళ్ళకు ఆఖరు దాకా ద్రవాన్ని అందిస్తూనే ఉంటుంది. కాళ్ళు లోపం లేకుండా గడ్డకట్టేందుకే ఆ ఆకారాన్ని రూపొందించారు. ఇది చేతికి అందిన మెతుకు కాదు, మెత్తగా ఉడికేలా ప్రత్యేకంగా వండిన మెతుకు. అందుకే విడిగా పోసిన కడ్డీ ఫలితం ఆ హీట్‌లోని ఉక్కు నాణ్యతను చెబుతుంది తప్ప భాగంలోని ప్రతి చోట ఉన్న బలాన్ని చెప్పదన్నది ఈ రంగంలో స్థిరపడిన అవగాహన. ఫౌండ్రీ ఇచ్చే సర్టిఫికెట్‌లోని అంకెను భాగం బలంగా చదువుకునే అలవాటు మాత్రం పోలేదు. ఆ అలవాటు ప్రమాదకరమైనది.

నవ్యన్యాయ పరిభాషలో ఈ దోషాన్ని చూపే పద్ధతి చాలా స్పష్టమైనది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. ఆ తడి కట్టె ఇక్కడ ఉపాధి: సాధ్యం (రుజువు చేయదలచింది) ఉన్న ప్రతిచోటా ఉంటుంది, హేతువు (ఆధారంగా చూపింది) ఉన్న ప్రతిచోటా ఉండదు. ఉపాధి దొరికిన హేతువు చెల్లదు. ‘అదే హీట్ కాబట్టి అదే బలం’ అన్న అనుమానంలో అదే హీట్ హేతువు, అదే బలం సాధ్యం. ఒకే తీరున చల్లారడం, ఒకే హీట్ ట్రీట్‌మెంట్ (పోసిన తర్వాత మళ్ళీ వేడిచేసి చల్లార్చే ప్రక్రియ) పొందడం, లోపల బోలు లేకపోవడం అన్నవి ఉపాధులు. పోత ఉక్కు ప్రమాణాల్లోని నిబంధనలు ఈ ఉపాధులను ఒక్కొక్కటిగా తొలగించే ప్రయత్నాలే. కడ్డీకీ భాగాలకూ ఒకే విధమైన హీట్ ట్రీట్‌మెంట్ ఉండాలనడం అలాంటిదే. కీలకమైన భాగాలకైతే పరీక్షముక్కను భాగానికే అంటుకుని ఉండేలా పోయాలని, దాని మందం భాగం మందానికి తగినట్టు ఉండాలని కోరతారు. హేతువును కొద్దికొద్దిగా సవరించి ధర్మకీర్తి కోరిన కార్యకారణ సంబంధానికి దగ్గర చేస్తున్నారన్నమాట. లోహశాస్త్రం లేకుండా ఈ పని జరిగేది కాదు. కార్బన్, గంధకం, భాస్వరం, హైడ్రోజన్, రేణువు పరిమాణం ఏవి ఏం చేస్తాయో తెలిశాకే కడ్డీకీ భాగానికీ మధ్య ముడి కనబడింది.

ఒక నిబంధన మాత్రం తార్కికుణ్ణి కలవరపెడుతుంది. కడ్డీని మెషినింగ్ చేయడంలో తప్పు జరిగినా, కడ్డీలో లోపం బయటపడినా దాన్ని పక్కనపెట్టి మరో కడ్డీని పరీక్షించవచ్చు. దీనికి సమర్థన ఉంది. లేత్ పనివాడి పొరపాటుకు ఉక్కును శిక్షించకూడదు, హీట్ నాణ్యతను అడిగినప్పుడు కడ్డీలో చిక్కుకున్న ఇసుక రేణువు జవాబు కాకూడదు. కాని వ్యతిరేకంగా వచ్చిన ప్రతి సాక్ష్యాన్నీ ‘ఇది ప్రాతినిధ్యం లేనిది’ అని తోసిపుచ్చడానికి అదే దారి తెరిచి ఉంటుంది. వ్యభిచారం, అంటే హేతువు ఉండి సాధ్యం లేని సందర్భం, కనబడితే వ్యాప్తి, అంటే ఆ రెండింటి విడరాని సంబంధం, కూలిపోవాలి. కనబడిన వ్యభిచారాన్ని లెక్కలోంచి తీసేస్తే ఏ వ్యాప్తీ ఎన్నటికీ కూలదు. విరిగిన చోట లోపాన్ని స్పష్టంగా చూసి, రాసి, ఆ తర్వాతే కడ్డీని తీసెయ్యాలని నిజాయితీ గల ప్రయోగశాల పట్టుబట్టేది ఇందుకే.

చార్వాకుడి అభ్యంతరం వీటన్నిటికంటే లోతైనది. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహం మొదటి అధ్యాయంలో దాన్ని సమగ్రంగా వివరించాడు. వ్యాప్తి ప్రత్యక్షంతో తెలియదు, ఎందుకంటే గతం, భవిష్యత్తు, దూరం చూపుకు అందవు. అనుమానంతో తెలుసుకుందామంటే దానికి మరో వ్యాప్తి కావాలి, దానికి మరొకటి, అంతు ఉండదు. ఉపాధులన్నీ తొలగాయని చెప్పడానికి వీలు లేదు, కనిపించని ఉపాధి ఎప్పుడూ ఒకటి ఉండవచ్చు. ఉక్కు విషయంలో ఈ మాటను తోసిపుచ్చగల ఇంజినీరు లేడు. న్యాయకుసుమాంజలిలో ఉదయనుడు దీనికి ఇచ్చిన సమాధానం ఆచరణ వైపు తిరుగుతుంది. సందేహానికి హద్దు ఉంది, అది సందేహించేవాడి సొంత చేతల్లోనే ఉంది. పొగ కోసం నిప్పు రాజేసేవాడు, ఆకలి తీరడానికి అన్నం తినేవాడు వాటి కార్యకారణ సంబంధాన్ని నిజంగా సందేహిస్తున్నాడనడం తన చేతకు తానే విరుద్ధం. 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో దీన్ని తిప్పికొట్టాడు: విరోధం ఉన్నదనే చోట సందేహం అప్పటికే ఉంది, కనుక విరోధం సందేహాన్ని ఆపలేదు.

ఇద్దరి మాటా నిజమైతే చేయగలిగింది సందేహాన్ని పోగొట్టడం కాదు, దానికి తగినంత చోటు ఇవ్వడం. ఇంజినీర్లు ఆ పని అంకెల్లో చేశారు. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ప్రెజర్ వెసెల్ కోడ్‌లో, మామూలు స్టాటిక్ పద్ధతిలో పోసిన భాగానికి అదనపు పరీక్షలు లేకపోతే అనుమతించిన ఒత్తిడిని 0.80తో గుణించాలి. రేడియోగ్రఫీ వంటి పరీక్షలు నెగ్గిన కొద్దీ ఆ గుణకం 1.00 దాకా పెరుగుతుంది. ఆ 0.20 ఇంకా చూడని దాని మీద ఉంచుకున్న సందేహానికి కొలత. తత్త్వశాస్త్ర గ్రంథాల్లో సందేహం ఉందా లేదా అని వాదించారు గాని ఎంత ఉందని అడిగినవారు తక్కువ. ఈ విషయంలో కోడ్ రాసినవారి చూపు వారికంటే సూక్ష్మమైనది.

అనుమానం అక్కర్లేకుండా భాగాన్నే నేరుగా చూసే దారులు కూడా ఉన్నాయి. వాల్వు బాడీలో నీళ్ళు నింపి, మామూలు వేడిమిలో దానికి అనుమతించిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, కారుతుందేమో చూస్తారు. పరీక్షించిన భాగమే పనికి వెళుతుంది గనుక ఇది ప్రత్యక్షానికి చాలా దగ్గర. కాని అది చెప్పేది ఈ రోజు, ఈ ఒత్తిడికి ఆగిందని మాత్రమే. వేలసార్లు మారే ఒత్తిడికి లోపల పెరిగే చీలిక గురించి అది మాట్లాడదు. అల్ట్రాసోనిక్ పరీక్షలో కనిపించేది బోలు కాదు, తిరిగొచ్చిన ధ్వని గీత. గీత నుంచి బోలుకు వెళ్ళడం మళ్ళీ అనుమానమే. పైపైన కంటితో చూసే చూపును మోసం చేయడమూ సులువే. 1879 డిసెంబర్ 28 రాత్రి స్కాట్లాండ్‌లో టే వంతెన కూలి రైలులో ఉన్నవారంతా మరణించారు. దాని స్తంభాలు పోత ఇనుముతో చేసినవి. పోతలోని రంధ్రాలను మైనం, ఇనుప రజను వంటివి కలిపిన ముద్దతో పూడ్చేవారని విచారణలో బయటపడింది. శిథిలాల ముక్కలను ఆ విచారణ కోసం లాగి చూసినవాడు లండన్‌లో పరీక్షశాల నడిపిన డేవిడ్ కిర్కాల్డీ. తమకు కావలసింది అభిప్రాయాలు కాదు, వాస్తవాలని అతను తన పరీక్షశాల గుమ్మం మీద చెక్కించుకున్నాడు.

కాని ఆ వాస్తవం పరీక్షశాల గోడలు దాటి వెళ్ళేది మాటగానే. వ్యాగన్ కట్టేవారు కడ్డీ తెగడం చూడరు, రైలు నడిపేవారు చూడరు. వారి చేతికి వచ్చేది ఒక కాగితం: హీట్ నంబరు, నాలుగైదు అంకెలు, ఒక సంతకం. ఇది శబ్ద ప్రమాణం. ఆధునికులు శబ్దాన్ని వేదాలకు సంబంధించిన సంగతిగా చూసి పక్కనపెడతారు గాని, న్యాయశాస్త్రం దాన్ని అంత సంకుచితంగా చూడలేదు. ఉన్నది ఉన్నట్టు తెలిసి, దాన్ని ఉన్నట్టే చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు ఆప్తుడని న్యాయ భాష్యకారుడు వాత్స్యాయనుడి నిర్వచనం. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఆ లక్షణం ఒకటేనని అతను స్పష్టంగా చెప్పాడు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు, తరతరాల విద్యార్థులు మొదటి తర్క గ్రంథంగా చదివిన తన తర్కసంగ్రహంలో దాన్ని మరింత కుదించి, యథార్థం చెప్పేవాడే ఆప్తుడన్నాడు. జ్ఞానం ఒక్కటే చాలదు, చెప్పాలన్న నిజాయితీ కూడా ప్రమాణంలో భాగం. నీతిని జ్ఞానసిద్ధాంతం లోపలికే తెచ్చిన ఈ నిర్వచనం ఎంత విలువైనదో సర్టిఫికెట్ చేతిలోకి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఆ మాటను ముందుగా నమ్మాలా, పరీక్షించాకే నమ్మాలా? జ్ఞానం స్వతః ప్రమాణమని, దోషం బయటపడేదాకా దాన్ని నమ్మడమే సరైనదని మీమాంసకులు అన్నారు. ప్రామాణ్యం మరొకదాని వల్ల తెలియాలని, జ్ఞానాన్ని పట్టుకుని చేసిన పని ఫలించినప్పుడు అది తెలుస్తుందని నైయాయికులు అన్నారు. ఫౌండ్రీ మాటను ధ్రువీకరించడానికి బయటి ఇన్‌స్పెక్టర్‌ను పిలవడం నైయాయిక మార్గం. ఇన్‌స్పెక్టర్‌ను ఎవరు ధ్రువీకరిస్తారన్నది మీమాంసకుడి ఎదురు ప్రశ్న. యంత్రాల విషయంలో ఈ గొలుసు కళ్ళకు కడుతుంది. లాగే యంత్రం చూపే బలంలో తప్పు 1 శాతం మించకూడదని సాధారణ నియమం. దాన్ని ప్రూవింగ్ రింగ్‌తోనో లోడ్ సెల్‌తోనో సరిచూస్తారు. ఆ లోడ్ సెల్‌ను మరింత కచ్చితమైన యంత్రంతో సరిచూస్తారు. మన దేశంలో ఈ గొలుసు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీ దాకా, అక్కడి నుంచి కిలోగ్రాము నిర్వచనం దాకా వెళుతుంది. 2019 మే 20 వరకు ఆ నిర్వచనం పారిస్ దగ్గర భద్రపరచిన ఒక లోహపు దిమ్మె. ఆ దిమ్మె బరువు సరైనదేనా అని అడగడానికి వీలుండేది కాదు, ఎందుకంటే సరైనది అన్నమాటకు అర్థమే అది. ఇప్పుడు ఆ స్థానంలో ప్లాంక్ స్థిరాంకం ఉంది. గొలుసు ఎక్కడో ఒకచోట స్వతః ప్రమాణంగా ఆగాలన్న మీమాంసకుడి మాట ఇక్కడ నెగ్గింది.

మనుషుల గొలుసు మాత్రం అలా దేనిమీదా ఆగదు. అమెరికాలోని టకోమా నగరంలో ఒక ఫౌండ్రీ ఆ దేశపు నౌకాదళ జలాంతర్గాముల కోసం అధిక బలం గల ఉక్కు భాగాలు పోసేది. అక్కడ లోహశాస్త్ర విభాగాన్ని చూసిన అధికారి సుమారు 30 ఏళ్ళ కాలంలో 240కి పైగా హీట్‌ల బలం, దృఢత్వ పరీక్షల ఫలితాలను మార్చి రాశారు. 2017లో ప్రయోగశాల సిబ్బందిలో ఒకరు పాత రికార్డుల్లో తేడా గమనించడంతో విషయం బయటపడింది. 2020లో కంపెనీ 1.09 కోట్ల డాలర్లు చెల్లించి ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చింది. 2022లో ఆ అధికారికి 30 నెలల జైలుశిక్ష పడింది. మైనస్ 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 73 డిగ్రీల సెల్సియస్‌లో ఛార్పీ పరీక్ష జరపాలన్న షరతు అర్థంలేనిదని ఆ అధికారి అభిప్రాయమట. సముద్రపు నీరు అంత చల్లగా ఎక్కడా ఉండదన్నది నిజమే. కాని పేలుడు వంటి వేగవంతమైన దెబ్బకు ఉక్కు ఇంకా చల్లగా ఉన్నట్టు, అంటే ఇంకా పెళుసుగా ప్రవర్తిస్తుంది. ఎన్నడూ ఎదురుకాని వేడిమి దగ్గర అడిగిన ప్రశ్న, ఎదురుకాగల మరో పరిస్థితికి జవాబు ఇస్తుంది. ఆ వ్యక్తికి జ్ఞానంలో లోటు లేదు. ఆప్తత్వానికి కావలసిన రెండో సగం లేకపోయింది.

మాట మీద నమ్మకం పోయాక మిగిలేవి ప్రత్యక్షం, అనుమానం. ఉక్కు ఇప్పటికే జలాంతర్గాముల్లో ఉంది, హీట్‌లు ఏళ్ళక్రితమే అయిపోయాయి. ఏ హీట్ నుంచి ఏ భాగం వచ్చిందో తెలియాలంటే భాగానికీ రికార్డుకీ ముడివేసే నంబరు ఉండాలి. పోత ఉక్కు భాగాల మీద హీట్ గుర్తు వేసి, రికార్డులు ఏళ్ళ తరబడి దాచిపెట్టేది ఇలాంటి రోజు కోసమే. తప్పుడు ఫలితాల వల్ల ఏ జలాంతర్గామి పెంకూ దెబ్బతిన్నట్టు ఆధారాలు రాలేదు. అయినా నౌకాదళం వాటిని ముందులా వదిలేయలేకపోయింది. ఆ భాగాలున్న జలాంతర్గాములకు అదనపు తనిఖీలు, నిఘా, నిర్వహణ ఖర్చులు మోయవలసి వచ్చింది.